స్ట్రీమింగ్ బాక్సుల్ని పోల్చి చూసే పద్ధతి: టీవీ వెనక పోర్ట్ నుంచి ఫ్రేమ్ రేట్ దాకా

స్ట్రీమింగ్ బాక్సులు, అంటే టీవీకి తగిలించుకుని నెట్‌లో సినిమాలు చూసే పెట్టెలు, వాటి స్పెక్స్ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ తేలదు. ప్రతిదాని మీదా 4కే అని ఉంటుంది, హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపించే పద్ధతి) అని ఉంటుంది, డాల్బీ ముద్ర ఉంటుంది. ఒకటేమో సినిమా పెట్టగానే టీవీని సెకనుకి 24 ఫ్రేమ్స్‌కి, అంటే 24 బొమ్మలకి, మారుస్తుంది, ఇంకోటి మార్చదు. ఒకటి ఏళ్ల తరబడి అప్‌డేట్స్ తెచ్చుకుంటుంది, ఇంకోటి అట్టపెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. ఇవేవీ పెట్టె మీద రాయరు.

అందుకే వడపోత పద్ధతి చెప్తాను. ముందు మీ టీవీ, తర్వాత మీ యాప్స్, తర్వాత సర్టిఫికేషన్ (గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్ల ఆమోదం), ఈ మూడూ దాటేసరికి లిస్టులో రెండో మూడో మిగులుతాయి, ప్రాసెసర్ ర్యామ్ గొడవ అప్పుడు చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ర్యామ్ ఎక్కువున్నదాన్ని కొనేసి ఇంటికి తెచ్చాక రోజూ చూసే యాప్ అందులో లేదని తెలుసుకుంటారు.

స్టెప్ 1: మీ టీవీ ఏం తీసుకోగలదో రాసుకోండి

మొదటి ప్రశ్న, అసలు బాక్స్ అవసరమా. మీ స్మార్ట్ టీవీలో ఉన్న యాప్స్ హ్యాంగ్ అవ్వకుండా నడుస్తుంటే, మీకు కావలసినవన్నీ అందులో ఉంటే, బాక్స్ కొనకండి. బొమ్మ ఏమీ అద్భుతంగా మారిపోదు, ఎందుకంటే ప్యానెల్ అదే కదా. టీవీలో సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయి యాప్స్ సపోర్ట్ ఆగిపోయినప్పుడు, మెనూ నత్తనడక నడుస్తున్నప్పుడు, లేకపోతే సొంత సినిమా ఫైల్స్ ఆడించుకోవాలనుకున్నప్పుడు బాక్స్‌కి అర్థం ఉంది.

కావాలి అని తేలితే టీవీ మోడల్ నంబర్ పట్టుకుని మాన్యువల్‌లో నాలుగు సంగతులు వెతకండి.

ఒకటి, హెచ్‌డీఎంఐ పోర్టులు. 4కే 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు) కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 పోర్ట్ ఉండాలి, అది 18 జీబీపీఎస్ దాకా మోస్తుంది. 2.1 అయితే 48 దాకా, కానీ స్ట్రీమింగ్‌కి అంత అక్కర్లేదు, అది గేమింగ్ వాళ్లకి. దీంతోపాటు ఆ పోర్ట్‌కి హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి, ఇది కాపీ రక్షణ వ్యవస్థ, ఇది లేని పోర్ట్‌లో పెడితే పెద్ద యాప్స్ 4కే ఇవ్వకుండా తక్కువ క్వాలిటీకి దిగిపోతాయి. పాత 4కే టీవీల్లో అన్ని పోర్టులకీ ఇది ఉండదు, ఒక్కోసారి ఒక్కదానికే ఉంటుంది. మధ్యలో పాత సౌండ్‌బార్ గానీ రిసీవర్ (స్పీకర్లని నడిపే పెట్టె) గానీ ఉంటే దానికీ ఉండాలి, దారిలో ఎక్కడ తెగినా తెగినట్టే.

రెండు, ఏ హెచ్‌డీఆర్. హెచ్‌డీఆర్10 అన్ని హెచ్‌డీఆర్ టీవీల్లోనూ ఉంటుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ ఈ రెండూ పోటీ ఫార్మాట్లు, సీన్ సీన్‌కీ వెలుగు సర్దుబాటు చేసే సమాచారం వీటిలో వస్తుంది. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, వాళ్లు హెచ్‌డీఆర్10 ప్లస్ వైపు ఉన్నారు. కాబట్టి శాంసంగ్ టీవీ ఉన్నవాళ్లు డాల్బీ విజన్ కోసం బాక్స్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, దాన్ని చూపించే తెర మీ దగ్గర లేదు.

మూడు, ఆ పోర్ట్‌కి పూర్తి సామర్థ్యం ఆన్ చేసి ఉందా. ఇది చాలామందికి తెలియని చోటు. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టులు మామూలు మోడ్‌లో వస్తాయి, సెట్టింగ్స్‌లో పోర్ట్ పోర్ట్‌కీ విడిగా ఆన్ చెయ్యాలి. శాంసంగ్‌లో దాని పేరు ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ కింద ఎన్‌హాన్స్‌డ్. ఇది ఆన్ చెయ్యకుండా బాక్స్‌లో హెచ్‌డీఆర్ రావట్లేదని తిట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

నాలుగు, టీవీకి ఏఆర్‌సీ ఉందా ఈఏఆర్‌సీ ఉందా. ఏఆర్‌సీ అంటే టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే సౌండ్‌బార్‌కి పంపే దారి, ఈఏఆర్‌సీ దానికే ఎక్కువ డేటా మోసే కొత్త రూపం. దీని పని సౌండ్ దగ్గర వస్తుంది, ఇప్పటికి రాసి పెట్టుకోండి.

స్టెప్ 2: యాప్స్ లిస్ట్

ఇది చిన్న పనే గానీ దాటెయ్యకండి. ఇంట్లో అందరూ చూసేవి కాగితం మీద రాయండి, డబ్బు కట్టేవీ ఫ్రీవీ, పాటల యాప్, పిల్లలు చూసేవి, వార్తలు, అన్నీ. తర్వాత ఒక్కో బాక్స్ యాప్ స్టోర్‌లో, మీ దేశం స్టోర్‌లోనే సుమా, అవి ఉన్నాయో లేవో చూడండి. ఒక దేశంలో ఉన్న యాప్ ఇంకో దేశంలో ఉండకపోవచ్చు. రోకూ అనే కంపెనీ అయితే బాక్సులే అన్ని దేశాల్లో అధికారికంగా అమ్మదు, బయటి నుంచి తెప్పించుకుంటే మీకు కావలసిన యాప్స్ అందులో లేకపోవచ్చు.

సొంత ఫైల్స్ ఆడించుకునేవాళ్లు ప్లెక్స్, కోడి, జెల్లీఫిన్, వీఎల్‌సీ లాంటి ప్లేయర్ యాప్స్‌లో మీరు వాడేది ఉందా చూడండి. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో ఈ విషయంలో స్వేచ్ఛ ఎక్కువ, స్టోర్‌లో లేని యాప్ బయటి నుంచి వేసుకోవడానికి దారి ఉంది. అమెజాన్ ఫైర్ టీవీలో కూడా ఇన్నాళ్లూ ఆ దారి ఉండేది, ఎందుకంటే లోపల ఉన్నది ఆండ్రాయిడే. కానీ 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్ కాకుండా వేగా అనే కొత్త సిస్టమ్ పెట్టారు, అందులో అమెజాన్ స్టోర్‌లో ఉన్నవే వస్తాయి. కొనేముందు ఏ సిస్టమ్ ఉన్న మోడలో చూసుకోండి, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తేలిగ్గా పొరపడతాం.

స్టెప్ 3: సర్టిఫికేషన్, ఇక్కడ సగం బాక్సులు ఎగిరిపోతాయి

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు ఉంటాయి చూడండి, 8కే అంటారు, బోలెడు ర్యామ్ అంటారు, వేల చానళ్లు ఫ్రీ అంటారు. వాటిలో ఉన్నది చాలావరకు అసలు ఆండ్రాయిడ్ టీవీ కాదు, ఫోన్ల కోసం చేసిన ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్‌కి టీవీ ముసుగు వేసినది. వాటితో రెండు సమస్యలు.

మొదటిది క్వాలిటీ. వైడ్‌వైన్ అని గూగుల్ వాళ్ల కాపీ రక్షణ పద్ధతి ఉంది, దాన్లో ఎల్1, ఎల్3 అని స్థాయిలు. ఎల్1 ఉంటేనే హెచ్‌డీ, 4కే ఇస్తారు, ఎల్3 అయితే పెద్ద సర్వీసులు చాలావరకు 480పీ దగ్గరే ఆపేస్తాయి. అంటే పెట్టె మీద 8కే అని రాసి ఉన్న బాక్స్‌లో మీరు డబ్బు కట్టిన సినిమా డీవీడీ క్వాలిటీలో ఆడుతుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లది మళ్లీ ఇంకో పరీక్ష, ఎల్1 ఉన్నా వాళ్లు విడిగా ఒప్పుకోని పరికరంలో టీవీ యాప్ సరిగ్గా రాదు, ఫోన్ యాప్ వేసుకుని మౌస్‌తో నెట్టుకురావాలి. బాక్స్ చేతిలో ఉంటే ప్లే స్టోర్ నుంచి డీఆర్‌ఎమ్ ఇన్ఫో యాప్ వేసి చూడండి, స్థాయి ఏంటో అందులో కనిపిస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. ఇలాంటి బాక్సులు కొన్ని తయారీలోనే వైరస్‌తో వచ్చాయి. బ్యాడ్‌బాక్స్ అని దానికి పేరు, 2023లో సెక్యూరిటీ పరిశోధకులు బయటపెట్టారు, దాని రెండో రూపం గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ బాక్స్ మీ ఇంటి నెట్‌లో కూర్చుని మీకు తెలియకుండా వేరేవాళ్ల ట్రాఫిక్‌ని మీ కనెక్షన్ మీదుగా పంపిస్తుంది, ప్రకటనల మీద దొంగ క్లిక్కులు కొడుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు, ఎందుకంటే అది సిస్టమ్‌లోనే ఉంది. సెటప్‌లో ప్లే ప్రొటెక్ట్ (ఆండ్రాయిడ్‌లో ప్రమాదకరమైన యాప్స్‌ని పట్టే రక్షణ) ఆఫ్ చెయ్యమని అడిగినా, ఎప్పుడూ పేరు వినని యాప్ స్టోర్ కనిపించినా, అన్నీ ఫ్రీగా వస్తాయని అమ్మినా, ఆ బాక్స్‌ని ఇంటి నెట్‌కి కలపకండి. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు, ఫ్రీగా ఇచ్చినా తీసుకోను.

స్టెప్ 4: మిగిలినవాటిని వరసలో పెట్టండి

ఈ వడపోత దాటాక సాధారణంగా చేతిలో మిగిలేవి ఇవి. ఒక్కోదాని గుణం క్లుప్తంగా చెప్తాను.

యాపిల్ టీవీ 4కే, 2022 మోడల్. ఏ15 చిప్, అంటే టీవీ బాక్స్‌కి అవసరమైనదానికంటే చాలా ఎక్కువ బలం. 64 జీబీ మోడల్‌లో వైఫై మాత్రమే, 128 జీబీ మోడల్‌లో ఈథర్‌నెట్ (నెట్ వైరు) పోర్ట్ కూడా. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ ఉన్నాయి. హోమ్ స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది, ప్రకటనల బ్యానర్లు మీద పడవు. యూఎస్‌బీ పోర్ట్ లేదు కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టి సినిమా చూద్దాం అంటే కుదరదు. ఐఫోన్ లేనివాళ్లు కూడా వాడుకోవచ్చు గానీ కొన్ని సౌకర్యాలు వదులుకోవాలి.

గూగుల్ టీవీ స్ట్రీమర్, 2024లో వచ్చింది. 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, గిగాబిట్ ఈథర్‌నెట్. దీనికి ముందున్న క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీలో స్టోరేజ్ 8 జీబీ మాత్రమే, నాలుగు యాప్స్ వెయ్యగానే నిండిపోయేది, ఆ బాధ ఇందులో తీరింది. పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ రాదు, ముందే తెచ్చిపెట్టుకోండి. రిమోట్ కనిపించకపోతే బాక్స్ వెనక బటన్ నొక్కితే రిమోట్ కూత పెడుతుంది, చిన్న విషయంలా ఉంటుంది గానీ పిల్లలున్న ఇంట్లో దీని విలువ తెలుస్తుంది.

ఫైర్ టీవీ స్టిక్ 4కే మ్యాక్స్, 2023 రెండో తరం. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్, వైఫై 6ఈ. చిన్న ధరకి పెద్ద ఫీచర్లు, దానికి బదులుగా హోమ్ స్క్రీన్ నిండా అమెజాన్ వాళ్ల ప్రచారం. ఫైర్ టీవీ క్యూబ్ 2022 మోడల్‌లో ఇంకో హెచ్‌డీఎంఐ పరికరాన్ని లోపలికి కలుపుకునే పోర్ట్ ఉంది, కేబుల్ బాక్స్ వాడేవాళ్లకి అది పనికొస్తుంది.

రోకూ, 2008 నుంచి ఉన్న పేరు, మొదటి బాక్స్ నెట్‌ఫ్లిక్స్ కోసమే చేశారు. మెనూ పెద్దవాళ్లకి కూడా వెంటనే అర్థమవుతుంది. ఫోన్‌కి పెట్టిన హెడ్‌ఫోన్లో టీవీ శబ్దం వినే సౌకర్యం ఉంది, రాత్రిపూట ఇంట్లోవాళ్లు పడుకున్నాక బాగుంటుంది. అమ్మే దేశాల్లో ఉన్నవాళ్లకే.

ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో, 2019 మోడల్. పాతదే, అయినా సొంత ఫైల్స్ ఉన్నవాళ్లు దీన్ని వదలరు. రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు, గిగాబిట్ ఈథర్‌నెట్, ప్లెక్స్ సర్వర్‌ని కూడా దీనిమీదే నడపొచ్చు, హెచ్‌డీ వీడియోని 4కేకి పెంచి చూపించే ఏఐ అప్‌స్కేలింగ్ ఉంది. లోపాలు కూడా ఉన్నాయి, ఏవీ1 డీకోడర్ లేదు, హెచ్‌డీఆర్10 ప్లస్ లేదు.

ఏవీ1 అంటే 2018లో వచ్చిన వీడియో కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి), అదే క్వాలిటీని తక్కువ డేటాలో పంపుతుంది, యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ వాడుతున్నాయి. ఇవాళ కొత్తగా కొనేవాళ్లు ఇది హార్డ్‌వేర్‌లోనే ఉందా అని అడగండి, నెట్ స్పీడ్ అంతంతమాత్రంగా ఉన్న ఇళ్లకి మరీ ముఖ్యం. పెద్ద పేరున్న బాక్సుల్లో కూడా కొన్నింటికి ఇది లేదు కాబట్టి ధరని బట్టి ఉంటుందిలే అనుకోవద్దు.

స్టెప్ 5: ఫ్రేమ్ రేట్, నా లెక్కలో అసలు తేడా ఇక్కడే

సినిమాలు సెకనుకి 24 ఫ్రేమ్స్‌లో తీస్తారు. బాక్స్ మామూలుగా టీవీకి 60 హెర్ట్జ్ పంపిస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, ఫ్రేమ్‌ని సగానికి కోసి చూపించలేం కదా, అందుకని ఒక ఫ్రేమ్‌ని రెండుసార్లు, తర్వాతి ఫ్రేమ్‌ని మూడుసార్లు, మళ్లీ రెండుసార్లు, ఇలా చూపిస్తుంది. ఒక మెట్టు పొట్టి, ఒక మెట్టు పొడుగు ఉన్న మెట్లెక్కినట్టు ఉంటుంది కంటికి. మాట్లాడుకునే సీన్లలో తెలియదు, కెమెరా నెమ్మదిగా పక్కకి జరిగే సీన్లో, చివర్లో పేర్లు పైకి పాకేటప్పుడు, చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి. ఒకసారి గమనించాక ఇక కంటికి అదే తగులుతుంది, గమనించనివాళ్లు అదృష్టవంతులు, వాళ్లు ఈ స్టెప్ దాటేసి హాయిగా ఉండొచ్చు.

దీనికి మందు, బాక్స్ సినిమా మొదలవగానే టీవీని 24 హెర్ట్జ్‌కి మార్చడం. యాపిల్ టీవీలో సెట్టింగ్స్, వీడియో అండ్ ఆడియో, మ్యాచ్ కంటెంట్ అనే చోట మ్యాచ్ ఫ్రేమ్ రేట్, మ్యాచ్ డైనమిక్ రేంజ్ అని రెండు ఉంటాయి, రెండూ ఆన్ చెయ్యండి, ఎక్కువ యాప్స్‌లో ఇది పనిచేస్తుంది. మిగతావాటిలో కథ కొంచెం తిరకాసు. గూగుల్ టీవీలో డిస్‌ప్లే అండ్ సౌండ్ కింద ఉంటుంది, కానీ యాప్ చేసినవాళ్లు కూడా దాన్ని వాడుకోవాలి, అందరూ వాడుకోలేదు. ఫైర్ టీవీలో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ అని ఉంది, అదీ అన్ని యాప్స్‌లో పనిచెయ్యదు. రోకూలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆటో అడ్జస్ట్ డిస్‌ప్లే రీఫ్రెష్ రేట్ అని దొరుకుతుంది. కాబట్టి సెట్టింగ్ ఉందా అని అడిగితే అన్నింట్లో ఉంది అనే జవాబు వస్తుంది, మీరు వాడే యాప్‌లో పనిచేస్తుందా అని అడగాలి. సొంత ఫైల్స్‌కి కోడి, ప్లెక్స్ లాంటి ప్లేయర్లలో ఫ్రేమ్ రేట్ మార్చే సెట్టింగ్ విడిగా ఉంటుంది, ఆండ్రాయిడ్ బాక్సుల్లో అది బాగానే పనిచేస్తుంది.

మారేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లగా అయ్యి వస్తుంది, భయపడకండి, హెచ్‌డీఎంఐ కొత్త సిగ్నల్‌కి సర్దుకుంటోంది అంతే. ఆ నలుపు కూడా లేకుండా చేసే క్యూఎంఎస్ అనే పద్ధతి 2022 యాపిల్ టీవీ 4కేలో ఉంది, టీవీకి కూడా ఆ సపోర్ట్ ఉంటేనే పనిచేస్తుంది.

కొన్ని 120 హెర్ట్జ్ టీవీలు 60 హెర్ట్జ్ సిగ్నల్ లోపల దాక్కున్న 24 ఫ్రేమ్స్‌ని పసిగట్టి తామే సరిచేసుకుంటాయి. మీ టీవీ అలాంటిదైతే బాక్స్ మీద ఈ విషయంలో అంత పట్టుబట్టక్కర్లేదు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్ చేసి ఈ కుదుపుని దాచేవాళ్లు ఉన్నారు, అప్పుడు సినిమా కాస్తా సీరియల్ చూసినట్టు తయారవుతుంది, నాకు అది నచ్చదు, మీ ఇష్టం.

హెచ్‌డీఆర్‌కి కూడా ఇదే న్యాయం. బాక్స్ అవుట్‌పుట్‌ని ఎప్పుడూ డాల్బీ విజన్‌లోనే పెట్టి ఉంచితే మామూలు వీడియోలు, పాత సినిమాలు, మెనూ అన్నీ బలవంతంగా హెచ్‌డీఆర్‌గా మారి రంగులు ఏదోలా తేలిపోతాయి. యాపిల్ టీవీలో ఫార్మాట్‌ని 4కే ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ కాని మామూలు బొమ్మ) 60 హెర్ట్జ్‌లో పెట్టి మ్యాచ్ డైనమిక్ రేంజ్ ఆన్ చేస్తే, హెచ్‌డీఆర్ సినిమాకి హెచ్‌డీఆర్, మామూలుదానికి మామూలుది వస్తుంది. ఫైర్ టీవీలో డైనమిక్ రేంజ్‌ని అడాప్టివ్‌లో పెట్టండి. ఈ సౌకర్యం లేని బాక్స్ నా దృష్టిలో ఒక మెట్టు కిందే, దాని ప్రాసెసర్ ఎంత గొప్పదైనా సరే.

స్టెప్ 6: సౌండ్

టీవీ స్పీకర్లతోనే వినేవాళ్లు దీన్ని చదవక్కర్లేదు, ఏ బాక్స్ అయినా ఒకటే.

సౌండ్‌బార్, రిసీవర్ ఉన్నవాళ్లు అట్మాస్, అంటే శబ్దం చుట్టూ పైనుంచీ వినిపించే డాల్బీ పద్ధతి, రెండు రకాలుగా ఉందని గుర్తుంచుకోండి. స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది, అది మామూలు ఏఆర్‌సీ మీదుగా కూడా వెళ్తుంది. బ్లూరే డిస్కుల్లో ఉండేది ట్రూహెచ్‌డీ అనే ఫార్మాట్‌లో, దానికి డేటా చాలా ఎక్కువ, టీవీ మీదుగా సౌండ్‌బార్‌కి పంపాలంటే ఈఏఆర్‌సీ కావాలి. స్టెప్ 1లో రాసుకోమన్నది ఇందుకే. మీరు చూసేది యాప్స్ మాత్రమే అయితే ఈఏఆర్‌సీ లేదని బెంగ పడక్కర్లేదు.

డిస్కుల నుంచి తీసుకున్న పెద్ద ఫైల్స్ ఉన్నవాళ్లకి మాత్రం ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ శబ్దాన్ని ముట్టుకోకుండా రిసీవర్‌కి పంపే పాస్‌త్రూ కావాలి. షీల్డ్ ప్రోకి ఇంత పేరు నిలబడిందంటే ఈ పాస్‌త్రూ వల్లే. మిగతావి ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, పాస్‌త్రూ అనే మాట చూసి కాకుండా మీ ఫార్మాట్ పేరుతో, బాక్స్ మోడల్ పేరుతో చూసుకోండి.

పెదాలకీ మాటకీ పొంతన కుదరకపోతే ముందు టీవీలో ఆడియో డిలే సర్దండి. బాక్సుల్లో కూడా సర్దే చోటు ఉంటుంది.

స్టెప్ 7: నెట్, కరెంటు, కేబుల్

నెట్‌ఫ్లిక్స్ వాళ్ల లెక్క ప్రకారం 4కేకి 15 ఎంబీపీఎస్, 1080పీకి 5 చాలు, యూట్యూబ్ 4కేకి 20 అంటుంది. ఈ లెక్కన ఈథర్‌నెట్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే అయినా యాప్స్‌కి ఎక్కువే. కానీ డిస్క్ క్వాలిటీ 4కే ఫైల్స్‌ని ఇంట్లో సర్వర్ నుంచి ఆడిస్తే అక్కడక్కడా బిట్ రేట్ 100 దాటుతుంది, అప్పుడు 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఇరుకవుతుంది, మంచి వైఫైయే నయం, గిగాబిట్ ఇంకా నయం. టీవీ వెనక గోడకి, టీవీకి మధ్య ఇరుక్కున్న స్టిక్‌కి వైఫై సరిగ్గా అందకపోవచ్చు, పెట్టెలో ఇచ్చే పొట్టి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ దానికోసమే, పారెయ్యకుండా వాడండి.

కరెంటు సంగతి. స్టిక్‌ని టీవీ యూఎస్‌బీకి పెడితే వైరు కనబడదని అందరూ అలాగే చేస్తారు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, అంటే రెండున్నర వాట్లు, 4కే స్టిక్‌కి అది చాలక మధ్యలో రీస్టార్ట్ అవ్వడం, వైఫై ఊడిపోవడం జరుగుతుంది. పైగా టీవీ ఆపినప్పుడల్లా స్టిక్ కూడా చచ్చిపోయి మళ్లీ మొదటి నుంచి లేవాలి. దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడకి పెట్టండి.

కేబుల్‌కి ఎక్కువ డబ్బు తగలెయ్యకండి, ప్రీమియం హై స్పీడ్ అని సర్టిఫై అయిన మామూలు కేబుల్ 18 జీబీపీఎస్ మోస్తుంది, అది చాలు. బంగారు పూతలతో బొమ్మ బాగుపడదు.

స్టెప్ 8: ర్యామ్, స్టోరేజ్, రిమోట్, ప్రకటనలు

ఇప్పుడు స్పెక్స్. ర్యామ్ 2 జీబీ ఉంటే రోజువారీ చూడ్డానికి సరిపోతుంది, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి గెంతేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది, తక్కువ ర్యామ్ బాక్స్ పాత యాప్‌ని మూసేసి మళ్లీ మొదటి నుంచి తెరుస్తుంది. 1 జీబీ ఉన్నవి వంటింట్లో చిన్న టీవీకి సరే. స్టోరేజ్ 8 జీబీ అని రాస్తే అందులో సగం సిస్టమ్‌కే పోతుంది, యాప్స్ అప్‌డేట్ అవుతూ ఉబ్బుతాయి, ఏడాది తిరిగేసరికి ఏది తీసెయ్యాలా అని వెతుక్కోవాలి, కాబట్టి 16 కంటే తక్కువకి దిగకండి.

రిమోట్‌ని ఎవరూ పోల్చరు, రోజూ చేతిలో ఉండేది అదే. టీవీ వాల్యూమ్, పవర్ దాంతోనే నడవాలి, ఇది ఇన్‌ఫ్రారెడ్‌తో గానీ హెచ్‌డీఎంఐ సీఈసీతో (హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే పద్ధతి) గానీ జరుగుతుంది. సీఈసీని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది, శాంసంగ్ ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీ సింప్‌లింక్, సోనీ బ్రావియా సింక్, టీవీలో అది ఆన్ చేస్తే బాక్స్ లేవగానే టీవీ కూడా లేస్తుంది. చీకట్లో చెయ్యి పెడితే బటన్లు తెలియాలి. బ్యాటరీలు మార్చుకునే రకమా, చార్జింగ్ రకమా అనేది మీ ఓపికని బట్టి.

ప్రకటనల విషయంలో యాపిల్ టీవీ అన్నింటికంటే ప్రశాంతం. గూగుల్ టీవీలో యాప్స్ ఓన్లీ మోడ్ పెడితే సిఫార్సుల వరసలు తగ్గుతాయి. ఫైర్ టీవీలో ప్రిఫరెన్సెస్, ఫీచర్డ్ కంటెంట్ కింద వీడియో ఆటోప్లే, ఆడియో ఆటోప్లే రెండూ ఆపెయ్యండి, లేకపోతే టీవీ పెట్టగానే ఎవరో గట్టిగా అరుస్తారు.

స్టెప్ 9: ఎన్నాళ్లు బతుకుతుంది

కంపెనీ అప్‌డేట్స్ ఆపేసిన రోజు నుంచి బాక్స్ రోజులు లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. 2015లో వచ్చిన మొదటి షీల్డ్‌కి 2025లో కూడా అప్‌డేట్ ఇచ్చారు, అది అరుదైన సంగతి. దానికి ఎదురుగా ఇంకో ఉదాహరణ, 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా ఒక్కసారిగా పనిచెయ్యడం మానేశాయి, అవి కూడా 2015వే. లోపల ఉన్న ఒక భద్రతా సర్టిఫికేట్‌కి పదేళ్ల గడువు అయిపోయింది, హార్డ్‌వేర్ చెక్కుచెదరలేదు. గూగుల్ తర్వాత అప్‌డేట్ పంపి బాగుచేసింది. కంపెనీ పట్టించుకుంది కాబట్టి సరిపోయింది, అదే పేరులేని బాక్స్ అయితే ఎవరిని అడుగుతాం. కొనేముందు ఆ కంపెనీ ముందటి మోడల్‌కి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి, కొత్త మోడల్ మీద వాళ్లు చెప్పే మాటలకంటే అది నమ్మదగినది.

స్టెప్ 10: ఇంట్లో ఎదురెదురుగా పరీక్ష

ఇంకా రెండు మిగిలి ఎటూ తేలకపోతే, వెనక్కి ఇచ్చే వీలున్న చోట రెండూ తెచ్చి ఇంట్లోనే పోల్చండి, కానీ సరిగ్గా చెయ్యాలి. రెండింటినీ ఒకే హెచ్‌డీఎంఐ పోర్ట్‌లో మార్చి మార్చి పెట్టండి, ఎందుకంటే చాలా టీవీలు పోర్ట్ పోర్ట్‌కీ వేరే పిక్చర్ సెట్టింగ్స్ గుర్తుపెట్టుకుంటాయి, వేర్వేరు పోర్టుల్లో పెట్టి ఒకదాని రంగులు బాగున్నాయి అనడం టీవీ సెట్టింగ్స్‌ని పోల్చడమే అవుతుంది. పిక్చర్ మోడ్ రెండింటికీ ఒకటే ఉంచండి, సినిమా మోడ్ అయితే మంచిది.

మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ అన్నీ వెయ్యనివ్వండి, కొత్త బాక్స్ మొదటి గంట లోపల ఏవేవో దింపుకుంటూ నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి. తర్వాత యూట్యూబ్‌లో ఒక 4కే 60 ఫ్రేమ్స్ వీడియో పెట్టి సెట్టింగ్స్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చెయ్యండి. ఎంత రిజల్యూషన్ వస్తోందో, ఏ కోడెక్కో, ఎన్ని ఫ్రేమ్స్ జారిపోయాయో అందులో కనిపిస్తుంది. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె పెరుగుతూనే ఉంటే ఆ బాక్స్‌కి ఊపిరి అందట్లేదని అర్థం.

ఆ తర్వాత మీరు రోజూ వాడే యాప్‌లో ఒకే సినిమా, ఒకే సీన్, రెండింటిలో. చీకటి సీన్ ఒకటి, నీడల్లో మెట్లు మెట్లుగా చారలు వస్తున్నాయా చూడండి. కెమెరా నెమ్మదిగా కదిలే సీన్ ఒకటి. చివరి పేర్లు. టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే చాలా టీవీలు వస్తున్న సిగ్నల్ ఏంటో చెప్తాయి, అక్కడ 24 హెర్ట్జ్ అని, డాల్బీ విజన్ అని పడుతోందా చూడండి, కళ్లని నమ్మేకంటే ముందు దాన్ని నమ్మండి.

చివరగా ఇంట్లో టెక్నాలజీ అంటే పెద్దగా పట్టనివాళ్ల చేతికి రిమోట్ ఇచ్చి నిన్న ఆపిన ఎపిసోడ్ పెట్టమనండి. మీరు పక్కనుంచి చెప్పకూడదు. ఎక్కడ ఆగిపోతారో చూడండి, మెనూ గురించి ఏ రివ్యూ చెప్పనిది అక్కడ తెలిసిపోతుంది.

నన్నడిగితే, యాప్స్ మాత్రమే చూస్తూ సినిమాల మీద ప్రేమ ఉన్నవాళ్లకి యాపిల్ టీవీ 4కే, ఫ్రేమ్ రేట్ ఒక్కదానికే అయినా. అంత పెట్టలేం, పైగా ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే అంటే గూగుల్ టీవీ స్ట్రీమర్. హార్డ్ డిస్క్ నిండా ఫైల్స్ ఉంటే షీల్డ్ ప్రో, ఏవీ1 లేదని తెలిసి కూడా. పడగ్గదిలో రెండో టీవీకి ఏదైనా ఒక స్టిక్ చాలు, అక్కడ ఇంత ఆలోచించక్కర్లేదు.

వద్దనుకున్న బాక్స్‌ని వెనక్కి పంపేముందు అందులో ఉన్న అన్ని యాప్స్ నుంచి సైన్ అవుట్ అవ్వండి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, తర్వాత ఫోన్‌లో ప్రతి అకౌంట్ సెట్టింగ్స్‌కీ వెళ్లి పరికరాల లిస్టులో ఆ బాక్స్ పేరు ఇంకా ఉంటే తీసెయ్యండి. కొన్ని సర్వీసుల్లో పరికరాల సంఖ్యకి పరిమితి ఉంటుంది, ఇది చెయ్యకపోతే ఉంచుకున్న బాక్స్‌లో లాగిన్ అయ్యేటప్పుడు లిమిట్ దాటిందని ఎదురు చెప్తుంది.